నిల్వ పెట్రోల్: నెలా, ఏడాదా?

రంగారెడ్డి జిల్లా చేవెళ్ల, మొయినాబాద్ మండలాల్లో పెట్రోల్‌తో నడిచే చిన్న యంత్రం లేని తోట ఇప్పుడు అరుదు. టమాటా, క్యారెట్, చామంతి పండించే రైతు దగ్గర మందు కొట్టే తైవాన్ పంపు, గడ్డి కోసే మిషన్, కాస్త స్తోమత ఉంటే పవర్ వీడర్ ఉంటాయి. ఫామ్‌హౌస్‌లో జనరేటర్ ఉంటుంది. వీటిలో ఏదీ బంక్ దాకా నడిచి వెళ్లలేదు కాబట్టి పెట్రోలే క్యాన్‌లో వాటి దగ్గరికి రావాలి. తెచ్చింది తెచ్చినట్టు ఖర్చైపోతే పేచీ లేదు. మిగిలిపోయినప్పుడే ప్రశ్న మొదలవుతుంది: ఇది ఎన్నాళ్లు పనికొస్తుంది?

దొరికే జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. యంత్రంతో వచ్చిన పుస్తకం 30 రోజులంటుంది. చమురు కంపెనీల సాంకేతిక పత్రాలు ఏడాది అంటాయి. స్టెబిలైజర్ సీసా మీద రెండేళ్లని రాసి ఉంటుంది. ఇథనాల్ కలిసినప్పటి నుంచి పెట్రోల్ నిలవడమే లేదని మెకానిక్ తేల్చేస్తాడు. భద్రత చూసే అధికారులది ఇంకో మాట: ఎన్నాళ్లన్నది తర్వాత, అసలు ఇంట్లో ఎందుకు పెట్టారు? వీటిలో ఏదీ పూర్తిగా తప్పు కాదు. ఒక్కొక్కరు ఒక్కో రకం డబ్బాను, ఒక్కో వాతావరణాన్ని దృష్టిలో పెట్టుకుని మాట్లాడుతున్నారు. ఆ సంగతి చెప్పకుండా అంకె ఒక్కటే చెప్పడంతో చిక్కంతా వచ్చింది.

నిల్వ ఎందుకు పెరిగింది

తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1న మొదలైంది. రోజూ గంటల తరబడి కోతలున్న కాలంలో జనరేటర్‌లో పోసిన పెట్రోల్‌కు పాతబడే వ్యవధే ఉండేది కాదు. కోతలు తగ్గాక జనరేటర్ కొనడం మానలేదు, నడపడం తగ్గింది. వారాంతాల్లో మాత్రమే మనుషులు వచ్చే ఫామ్‌హౌస్‌లో అది నెలల తరబడి కదలదు. పెట్రోల్ పాతబడటం ఇంతగా చర్చకు రావడానికి, ఒక రకంగా, కరెంటు మెరుగుపడటమే కారణం.

రెండో కారణం భయం. 2024 జనవరి 2న ట్యాంకర్ డ్రైవర్ల సమ్మెతో హైదరాబాద్, చుట్టుపక్కల బంకుల ముందు బారులు తీరాయి. భారతీయ న్యాయ సంహితలో హిట్ అండ్ రన్ శిక్షపై లారీ డ్రైవర్లు చేసిన ఆందోళన అది. ఆ రాత్రికే చర్చలు ఫలించి సమ్మె సద్దుమణిగింది. కానీ అలాంటి రోజుల్లో నింపుకున్న క్యాన్లు మాత్రం గోదాం మూలల్లో ఉండిపోతాయి.

పాత చర్చ, కొత్త ఇంధనం

పెట్రోల్ నిల్వ సమస్య వందేళ్లనాటిది. 1913లో అమెరికాలో బర్టన్ పద్ధతి వాడుకలోకి వచ్చింది. బరువైన చమురును వేడితో విరగ్గొట్టి పెట్రోల్ తీసే పద్ధతి అది. దాంతో దిగుబడి బాగా పెరిగింది గానీ, అలా తీసిన పెట్రోల్‌లో ఓలిఫిన్లనే చురుకైన అణువులు ఎక్కువ. అవి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ముందు పెరాక్సైడ్లుగా, తర్వాత జిగురుగా మారతాయి. 1930లలో ఆక్సీకరణను ఆపే మందులు కలపడం మొదలయ్యాకే పరిస్థితి అదుపులోకి వచ్చింది.

నేటికీ నిలకడను కొలిచే పరీక్షకు ఆధారం ఆ రసాయనమే. పెట్రోల్ నమూనాను గట్టి ఉక్కు పాత్రలో పోసి, సుమారు 7 రెట్ల వాతావరణ పీడనంతో ఆక్సిజన్ నింపి, 100 డిగ్రీల వేడిలో ఉంచుతారు. ఆక్సిజన్‌ను వేగంగా పీల్చుకోవడం మొదలుపెట్టేదాకా పట్టిన నిమిషాలే దాని నిలకడకు కొలత. అమెరికా ప్రమాణం కనీసం 240 నిమిషాలు, ఐరోపా, భారత ప్రమాణాలు 360. ఈ నిమిషాలను నెలల్లోకి మార్చే సూత్రం ఏదీ లేదు. అయితే రిఫైనరీ నుంచి వచ్చే సరుకు నాసిరకంది కాదని మాత్రం ఇవి చెబుతాయి. పైగా మన దేశంలో 2000 ఫిబ్రవరి 1 నుంచి సీసం పోయింది, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6తో గంధకం పది లక్షల భాగాల్లో 10కి దిగింది, ఓలిఫిన్లకూ పరిమితి ఉంది. పాతకాలం పెట్రోల్ గురించిన అనుభవాలను ఇవాళ్టి సరుకుకు యథాతథంగా అంటగట్టడం సరికాదు.

అయినా పెట్రోల్ పెట్రోలే, ముడి చమురంత ఓపిక దానికి లేదు. దేశం అత్యవసరానికి దాచుకునేది ముడి చమురే. విశాఖపట్నంలో కొండ కింద తొలిచిన గుహల్లో 13.3 లక్షల టన్నుల ముడి చమురు నిల్వకు చోటుంది. శుద్ధి చేసిన పెట్రోల్‌నే దాచిన ఉదాహరణా ఉంది. సాండీ తుపాను తర్వాత 2014లో అమెరికా తన ఈశాన్య రాష్ట్రాల కోసం 10 లక్షల బ్యారెళ్ల పెట్రోల్ నిల్వ పెట్టింది. దాన్ని ఎప్పటికప్పుడు మారుస్తూ ఉండాల్సి వచ్చింది. చివరికి 2024లో మొత్తం అమ్మేశారు.

పాతబడటమంటే ఏమిటి

రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. తేలిక భాగాలు ఆవిరైపోతాయి, మిగిలినవి ఆక్సిజన్‌తో కలిసి చిక్కబడతాయి. మొదటిది స్టార్టింగ్‌ను దెబ్బతీస్తుంది. చల్లటి ఇంజిన్ అంటుకోవడానికి ఆ తేలిక భాగాలే కావాలి మరి. ఉదయం ఎంత లాగినా అంటుకోని జనరేటర్, ఎండెక్కాక అంటుకుందంటే అనుమానించాల్సింది దీన్నే. రెండోది నెమ్మదిగా జరిగినా నష్టం ఎక్కువ.

ఆ నష్టం ఎక్కడ జరుగుతుందో కార్బురేటర్ విప్పితే కనిపిస్తుంది. అడుగున చిన్న గిన్నె. అందులో నిలిచేది కొద్ది మిల్లీలీటర్ల పెట్రోల్. గాలి తగిలే దారి ఉంటుంది, ఇంజిన్ వేడి తగులుతుంది, ఇత్తడి భాగాల్లోని రాగి ఆక్సీకరణను మరింత తొందరపెడుతుంది. ఆవిరైనంత పోగా మిగిలింది గిన్నె అడుగున ముదురు తేనె రంగు పొరగా అంటుకుంటుంది. పైన మెయిన్ జెట్ రంధ్రం మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటే, నెమ్మదిగా తిరిగేటప్పుడు పనిచేసే పైలట్ జెట్ దానికంటే చాలా సన్నం. పలుచటి పొర చాలు, అది మూసుకుపోతుంది. చోక్ వేస్తే నడిచి, తీయగానే ఆగిపోయే మిషన్ కథ చాలాసార్లు ఇదే. క్యాన్‌లో ఇంకా బాగానే ఉన్న పెట్రోల్, అదే రోజు పోసిన కార్బురేటర్‌లో పాడైపోయి ఉండవచ్చు. ఈ తేడా గుర్తిస్తే సగం వాదన అక్కడే తీరిపోతుంది.

నాలుగు పక్షాలు

నెల రోజుల పక్షం చిన్న ఇంజిన్ల తయారీదారులది. వాళ్లు మాట్లాడేది ఇప్పుడు చెప్పుకున్న ఆ గిన్నె గురించే. 30 రోజులకు మించి నడపనప్పుడు ట్యాంకు ఖాళీ చేయాలి, లేదా పెట్రోల్ కాక్ మూసి ఇంజిన్ దానంతటది ఆగేదాకా నడిపి కార్బురేటర్ ఎండగట్టాలి. మన యంత్రాలకు సంబంధించినంత వరకు ఈ సలహాకు తిరుగు లేదని నా నమ్మకం. తైవాన్ పంపుకూ, గడ్డి మిషన్‌కూ ఇది అక్షరాలా వర్తిస్తుంది.

ఏడాది పక్షం చమురు కంపెనీలది. షెవ్రాన్ సాంకేతిక పత్రం, సరిగ్గా దాచిన పెట్రోల్ ఏడాదిపాటు బాగుంటుందని చెబుతుంది. బీపీ ఆస్ట్రేలియా మాట మరింత కచ్చితం: నీడలో, మూత తీయని డబ్బాలో ఏడాది. ఒకసారి మూత తీశాక 20 డిగ్రీల దగ్గర ఆరు నెలలు, 30 డిగ్రీల దగ్గర మూడు నెలలు. చేవెళ్ల రైతుకు అన్నిటికంటే పనికొచ్చే అంకె ఈ చివరిదే. పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమైంది. ఇక్కడ ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, రేకుల షెడ్డులో ఇంకా ఎక్కువ. అదే లెక్క సాగదీస్తే వేసవిలో మూత తీసిన క్యాన్‌కు నెలన్నరే. సముద్రం అవతలి దేశాల కోసం రాసిన ఏడాది మాటను ఇక్కడ నమ్ముకోకూడదు.

మూడోది స్టెబిలైజర్ పక్షం. ఈ మందుల్లో పని చేసేవి ఆక్సీకరణను ఆపే రసాయనాలే, రిఫైనరీ కలిపేవాటికి దగ్గరి చుట్టాలు. తాజా పెట్రోల్‌లో, మూత బిగించిన డబ్బాలో కలిపితే మేలు చేస్తాయి. పాడైనదాన్ని బాగు చేయలేవు. ఆవిరైన భాగాన్ని తిరిగి తేలేవు, దిగిన నీటిని పైకి తీయలేవు. ఏడాదికి రెండుసార్లు నడిపే జనరేటర్ ఉన్నవారికి ఖర్చు దండగ కాదు. వారానికోసారి మందు కొట్టే రైతుకు వాటి అవసరం లేదు.

నాలుగోది అసలు నిల్వే వద్దనే పక్షం. దీని బలం రసాయనంలో లేదు, మంటలో ఉంది. పెట్రోల్ సున్నాకు 40 డిగ్రీల దిగువన కూడా అంటుకునేంత ఆవిరినిస్తుంది. ఆ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు, నేల మీద పాకుతుంది, గాలిలో నూటికి ఒకటిన్నర వంతు ఉన్నా నిప్పు తగిలితే భగ్గుమంటుంది. వంటగది పక్క గదిలో క్యాన్ పెట్టిన ఇంట్లో స్టవ్ ఎంత దూరమన్నది లెక్కలోకి రాదు. తలుపు కింద సందు చాలు.

క్లుప్తంగా పోలిస్తే: నెల అన్నవారు యంత్రం ట్యాంకును చూశారు, ఏడాది అన్నవారు మూత తీయని డబ్బాను చూశారు, రెండేళ్లన్నవారు మందు కలిపిన తాజా పెట్రోల్‌ను చూశారు, వద్దన్నవారు ఇంట్లోని మనుషులను చూశారు.

ఇథనాల్: నింద ఎంత, నిజం ఎంత

ఇప్పుడు వాదన వేడెక్కింది ఇక్కడే. ఇథనాల్ కలపడం 2003లో 5 శాతంతో మొదలైంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ తొలి రాష్ట్రాల్లో ఒకటి. 2022 జూన్‌లో దేశం 10 శాతాన్ని అందుకుంది. 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో 20 శాతం కలిపిన ఈ20ని ప్రారంభించారు, 2025 నాటికి అదే మామూలు పెట్రోల్ అయింది. పాత బండ్ల మైలేజీపై గొడవ చెలరేగి, 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు దీనిపై దాఖలైన పిటిషన్‌ను కొట్టివేసింది. ఆ వాదనంతా నడిచే బండి గురించి. ఆగి ఉన్న యంత్రం గురించి మాట్లాడింది తక్కువ.

ఇథనాల్ మీద ప్రధాన ఆరోపణ అది గాలిలోని తేమను లాక్కుంటుందని. లాక్కునే గుణం నిజమే. ఒక హద్దు దాటితే ఇథనాల్, నీరు కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి అడుగున పొరగా చేరతాయి. పైన మిగిలిన పెట్రోల్ ఆక్టేన్ పడిపోతుంది. ఎంత కదిలించినా, ఏ మందు పోసినా ఆ రెండు పొరలు మళ్లీ ఒకటి కావు. అయితే ఆ హద్దు ఎంత? 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్ 15 డిగ్రీల దగ్గర సుమారు అర శాతం నీటిని తనలో ఇముడ్చుకుంటుంది. 20 శాతం ఉన్నది అంతకంటే ఎక్కువే ఓర్చుకుంటుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. 20 లీటర్ల క్యాన్‌లో సగం పెట్రోల్, సగం గాలి. వానాకాలంలో 30 డిగ్రీల దగ్గర పూర్తిగా తేమ పట్టిన గాలి ఘనపు మీటరుకు సుమారు 30 గ్రాముల నీటిని మోస్తుంది. క్యాన్‌లోని 10 లీటర్ల గాలిలో ఉండే నీరు 0.3 గ్రాములు. 10 లీటర్ల పెట్రోల్ విడిపోవాలంటే తక్కువలో తక్కువ 50 మిల్లీలీటర్లు కావాలి. అంటే క్యాన్‌లోని గాలి మొత్తం నూట యాభైసార్లకు పైగా మారాలి. బిగించిన మూతలో అది జరగని పని. కాబట్టి గాలి తేమ మీద వేస్తున్న నింద చాలావరకు అతి. నీరు వచ్చే అసలు దారులు వేరు: కడిగి తుడవని క్యాన్, వానలో ఆరుబయట ఉంచిన జనరేటర్ పగిలిన ట్యాంక్ మూత, మందు కలిపిన తడి చేత్తో వాడిన గరాటు. చిన్న పంపు ట్యాంకు ఒకటి రెండు లీటర్లే. ఒకటి రెండు చెంచాల నీరు పడినా దాని హద్దు దగ్గరపడుతుంది. చలికి ఆ హద్దు ఇంకా దిగుతుంది. మొయినాబాద్ పొలాల్లో శీతాకాలపు తెల్లవారుజాములు నగరం కంటే చల్లగా ఉంటాయి. సాయంత్రం కలిసి ఉన్నది తెల్లవారేసరికి విడిపోవచ్చు.

టూ స్ట్రోక్ యంత్రాలకు ఇది మరీ ప్రమాదం. 2టి ఆయిల్ పై పొరలోని పెట్రోల్‌తోనే ఉండిపోతుంది. అడుగు పొరలో ఆయిల్ దాదాపు ఉండదు. ట్యాంకులో పైపు లాగేది అడుగు నుంచే. జిడ్డు లేని ద్రవం లోపలికి పోయి పిస్టన్ పట్టేస్తుంది. ఆయిల్ కలిపిన పెట్రోల్‌ను అందుకే ఆ వారం పనికి సరిపడా మాత్రమే కలుపుకోవాలి.

ఇథనాల్ వల్ల ఇంకో చిక్కు పాత యంత్రాలది. దాని కోసం తయారు కాని రబ్బరు పైపులు ఉబ్బి మెత్తబడతాయి, పాత ట్యాంకులోని తుప్పు, జిగురు ఊడివచ్చి జెట్‌లో చేరతాయి. పెట్రోల్ పాడైందనుకుని పారబోసే సందర్భాల్లో కొన్నిటికి కారణం ఈ పైపులే. మరోవైపు, జిగురు కట్టే గుణం ఇథనాల్‌కు లేదు. ఆ ఒక్క విషయంలో కలపడం వల్ల నష్టం కంటే లాభమే.

చట్టం ఏం చెబుతుంది, బంక్ ఏం చేస్తుంది

1934 పెట్రోలియం చట్టం పెట్రోల్‌ను ‘ఎ’ తరగతిలో పెట్టింది. అమ్మకానికి కాకుండా సొంతానికైతే లైసెన్స్ లేకుండా 30 లీటర్ల దాకా ఉంచుకోవచ్చు. డబ్బాకు మూత గట్టిగా బిగిసి ఉండాలి. గాజు, పింగాణీ లాంటివైతే ఒక లీటరు, లోహపుదైతే 25 లీటర్లు దాటకూడదు. వాహనం లేదా స్థిరంగా ఉండే ఇంజిన్ యజమాని దాని ట్యాంకులోది కాక మరో 100 లీటర్ల దాకా ఉంచుకోవచ్చు, ఎన్ని ఇంజిన్లున్నా మొత్తం అంతే. 30 లీటర్లు దాటితే మనుషులు ఉండే, పనిచేసే గదులతో సంబంధం లేని విడి చోట పెట్టాలి. అమలు చూసేది నాగ్‌పూర్ కేంద్రంగా ఉన్న పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ (పెసో). గమనించాల్సింది, ఈ మినహాయింపులో ప్లాస్టిక్ ప్రస్తావనే లేదు. అమ్మకానికి మినహాయింపే లేదు. కిరాణా కొట్టులో నీళ్ల సీసాల్లో పోసి అమ్మే పెట్రోల్ ఎంత తక్కువైనా చట్టం బయటిదే.

2019 నవంబర్‌లో ఇదే రంగారెడ్డి జిల్లాలో రెండు ఘోరాలు జరిగాయి. అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దార్‌ను కార్యాలయంలోనే పెట్రోల్ పోసి తగలబెట్టారు. నెలాఖరున ఒక పశువైద్యురాలిని హత్య చేసి, షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో మృతదేహాన్ని పెట్రోల్‌తో తగలబెట్టారు. ఆ తర్వాత సీసాల్లో పెట్రోల్ పోయకూడదన్న ఆంక్షలు గట్టిగా వినిపించాయి. వాటి వెనకున్న బాధను ఎవరూ కాదనలేరు. కానీ చట్టం ఉంచుకోనిచ్చే 30 లీటర్లను రైతు ఎక్కడ, దేనిలో నింపుకోవాలన్నది తేలలేదు. బంక్‌లో క్యాన్ వద్దంటే అతను బైక్ ట్యాంకు నింపుకుని ఇంటికొచ్చి పైపుతో నోటితో లాగి తీస్తాడు. లోహపు క్యాన్, గుర్తింపు కార్డు చూసి పేరు రాసుకుని పోసే పద్ధతి దీనికంటే ఎన్నో రెట్లు సురక్షితం.

క్యాన్ నింపేటప్పుడు దాన్ని నేల మీద పెట్టి, నాజిల్ అంచుకు ఆనించి పోయించాలి. ఆటోలో, ట్రాలీలో ఉంచి పోయిస్తే స్థిర విద్యుత్తు నేలలోకి పోదు. పూర్తిగా నింపకూడదు. 20 లీటర్ల పెట్రోల్ 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 400 మిల్లీలీటర్లు వ్యాకోచిస్తుంది. ఉదయం చల్లగా నింపింది మధ్యాహ్నానికి మూత సందుల్లోంచి కారుతుంది. ఇరవయ్యో వంతు ఖాళీ చాలు. అంతకంటే ఎక్కువ ఖాళీ వదిలితే ఆక్సిజన్‌కు చోటిచ్చినట్టే. సగం వాడిన పెద్ద క్యాన్ కంటే నిండుగా ఉన్న రెండు చిన్న క్యాన్లు మేలు. ఇంట్లో పెట్రోల్ కారు ఉంటే మూడు నెలలకోసారి, వేసవిలో నెలకోసారి క్యాన్‌లోది కారులో పోసుకుని మళ్లీ తాజాది నింపుకోవడం అన్ని మందులకంటే చవకైన ఉపాయం.

పాడైనదాన్ని ఏం చేయాలి

మన పెట్రోల్‌కు రంగు కలిపే వస్తుంది కాబట్టి రంగు ఒక్కటే చూసి తేల్చలేం. తాజాదాన్ని పక్కన గాజు గ్లాసులో పోసి పోల్చాలి. ముదురు గోధుమ రంగు, వార్నిష్ లాంటి పుల్లటి వాసన ఉంటే జిగురు మొదలైనట్టు. అడుగున వేరే పొర గానీ, మసకగానీ కనిపిస్తే నీరు చేరినట్టు. ఇథనాల్ ఎంతుందో తెలుసుకోవాలంటే గీతలున్న గొట్టంలో 100 మిల్లీలీటర్ల పెట్రోల్, 10 మిల్లీలీటర్ల నీరు పోసి కదిలించి ఆగాలి. ఈ20 అయితే అడుగు పొర సుమారు 30 గీతకు చేరుతుంది. ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాల్సిన పరీక్ష ఇది.

నీరు లేకుండా కొద్దిగా పాతబడినదాన్ని పది వంతుల తాజా పెట్రోల్‌లో ఒక వంతు చొప్పున కారులో పోసి ఖర్చు చేయవచ్చు. పూర్తిగా పాడైనది పొలం గట్టున పారబోయడం మాత్రం ఈ ప్రాంతంలో అసలు చేయకూడని పని. మొయినాబాద్‌కు ఒక పక్క 1920లో కట్టిన ఉస్మాన్‌సాగర్ జలాశయం, మరో పక్క 1927 నాటి హిమాయత్‌సాగర్. వాటి పరీవాహకం కోసమే 1996 మార్చి 8న 84 గ్రామాల్లో నిర్మాణాలపై ఆంక్షలతో 111 జీవో వచ్చింది. 2022లో 69 జీవోతో సడలింపు మొదలైనా నీరు పారే దారి మారలేదు. పెట్రోల్‌లో బెంజీన్ ఒక శాతం దాకా ఉంటుంది, అది క్యాన్సర్ కారకం, నేలలోకి ఇంకి బావి నీటిలో చేరుతుంది.

ఇంకా తేలనివి

స్వీడన్‌లో 1980ల చివరి నుంచి చిన్న యంత్రాల కోసం ఆల్కైలేట్ పెట్రోల్ అమ్ముతున్నారు. ఓలిఫిన్లు దాదాపు లేని ఆ ఇంధనం ఏళ్ల తరబడి నిలుస్తుంది. అది మామూలు పెట్రోల్ కంటే బాగా ఖరీదు. ఏడాదికి కొన్ని లీటర్లు వాడే రైతుకు కార్బురేటర్ బాగుచేయించే ఖర్చుతో పోలిస్తే గిట్టుబాటవుతుందా అన్నది ఇక్కడ ఎవరూ వేయని లెక్క.

ఈ20 రబ్బరు, లోహ భాగాలపై చూపే ప్రభావాన్ని కార్లు, బైకుల విషయంలో పరీక్షించారు. ఏడాదిలో పది నెలలు ఖాళీగా ఉండే టూ స్ట్రోక్ పంపు ఆ చర్చలో వెనకబడింది. రైతు యంత్రాలకు సబ్సిడీ ఇచ్చే ప్రభుత్వమే వాటి డబ్బా మీద ఎంత ఇథనాల్‌కు తయారైందో రాయించగలదు. బంక్‌లో సాంద్రత బోర్డు ఎలా తప్పనిసరో, ఇథనాల్ శాతం బోర్డు కూడా అలాగే కనిపించే చోట ఉండాలి. పాత పెట్రోల్ కొద్ది లీటర్లైనా తీసుకునే ఏర్పాటు మండల కేంద్రాల్లో రావాలి. అందాకా ఇక్కడి తోటల్లో ట్యాంకుకు నెల, మూత బిగించిన లోహపు క్యాన్‌కు మూడు నెలలు, వేసవిలో అందులో సగం అన్న హద్దుతోనే నడుచుకోవాలి.